గదిలో దిగే ముందు: హైదరాబాద్‌లో విద్యార్థుల అద్దె వసతిపై ఒక సమీక్ష

కళాశాల ప్రాంగణం బయట వసతి వెతుక్కునే విద్యార్థి సాధారణంగా మూడు ప్రశ్నలు అడుగుతాడు: అద్దె ఎంత, తిండి ఎలా ఉంటుంది, కాలేజీ ఎంత దూరం. ఈ మూడూ అడగవలసినవే. అయితే విద్యార్థికీ యజమానికీ మధ్య చిక్కులు ముడిపడే చోటు వీటికి అవతల ఉంది. ఖాళీ చేసే రోజున అడ్వాన్సులో ఎంత తిరిగి వస్తుంది, ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మధ్యలో వెళ్లిపోయిన మిత్రుడి వాటా ఎవరు కట్టాలి అన్న సంగతులు దిగేటప్పుడు మాటల్లోకే రావు, వచ్చినా కాగితం మీదికి ఎక్కవు. అందువల్ల గదిని ఎంచుకోవడమంటే ప్రధానంగా ఆ గదిని విడిచే షరతులను ఎంచుకోవడమేనన్న దృష్టితో, హైదరాబాద్ నగరాన్ని ముఖ్య ఉదాహరణగా తీసుకొని, విద్యార్థి వసతికి సంబంధించిన ఆర్థిక, న్యాయ, భద్రతా విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చదువు కోసం ఊరు విడవడం తెలుగు సమాజానికి కొత్త కాదు. వారాలు చేసుకొని చదువుకోవడం, అంటే వారంలో ఒక్కో రోజు ఒక్కో ఇంట భోజనం చేస్తూ ఏ అరుగు మీదనో సత్రంలోనో తలదాచుకొని చదువు సాగించడం, ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల దాకా పట్టణాలలో పేద విద్యార్థులకు, ముఖ్యంగా బ్రాహ్మణ బాలురకు, తెలిసిన దారి. ఆ ఏర్పాటు కులం గీసిన గీతల లోపలే నడిచింది కనుక ఆ గీతలకు వెలుపల ఉన్నవారికి అందలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన 1918లోనే, తరువాతి కాలంలో నగర కొత్వాలుగా పేరు పొందిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి చొరవతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ మొదలైంది. ఇతర కులసంఘాల వసతి గృహాలూ, స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లూ ఆ వరుసలోనే వచ్చాయి. వీటన్నిటిలోనూ వసతి చదువులో భాగమనీ, దాన్ని సమకూర్చే బాధ్యత సమాజానిదో ప్రభుత్వానిదో అనీ ఒక భావన ఉండేది. 1990ల చివర నుంచి ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు ఇబ్రహీంపట్నం, ఘట్‌కేసర్, మొయినాబాద్, మేడ్చల్, దుండిగల్ వంటి శివారు ప్రాంతాలలో వరుసగా వెలసినప్పుడు, విద్యార్థులను తీసుకువచ్చేందుకు కాలేజీ బస్సులు వచ్చాయి గాని వారు ఉండే చోటును పట్టించుకున్నవారు తక్కువ. దిల్‌సుఖ్‌నగర్, ఉప్పల్, కూకట్‌పల్లి, నిజాంపేట ప్రాంతాలలోని ఇళ్లు, మేడలు, ప్రైవేటు హాస్టళ్లు ఆ ఖాళీని పూరించాయి. ఉస్మానియాను ఆనుకొని ఉన్న విద్యానగర్, తార్నాక, హబ్సిగూడ, సాఫ్ట్‌వేర్ కోర్సులకు పేరుపడిన అమీర్‌పేట, పోటీపరీక్షలవాళ్లు చేరే అశోక్‌నగర్, చిక్కడపల్లి కూడా అదే బాటలో పెద్ద అద్దె బజారులయ్యాయి.

ప్రభుత్వ సహాయం ప్రధానంగా ట్యూషన్ ఫీజు చుట్టూ తిరిగింది. వసతికి నేరుగా డబ్బు ఇచ్చిన పథకాలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 ఫిబ్రవరి 24న విజయనగరంలో ప్రారంభించిన జగనన్న వసతి దీవెన చెప్పుకోదగినది. డిగ్రీ, ఆపై చదువులవారికి ఏడాదికి 20,000, పాలిటెక్నిక్ వారికి 15,000, ఐటీఐ వారికి 10,000 రూపాయల చొప్పున తల్లుల ఖాతాలలో జమ చేయాలని అందులో నిర్ణయించారు. నెలకు పంచి చూస్తే 20,000 అంటే 1,700 రూపాయల లోపే. అటువంటి మొత్తం నగరంలో ఎంత దూరం వస్తుందో తేలాలంటే వసతి రకాలనూ, వాటి అసలు ఖర్చునూ విడివిడిగా చూడాలి.

విద్యార్థులు ఎంచుకొనే వసతి రెండు పెద్ద తరగతులుగా విడిపోతుంది. మొదటిది పీజీ అనో ప్రైవేటు హాస్టల్ అనో పిలిచే ఏర్పాటు. ఇందులో ఇద్దరు, ముగ్గురు, నలుగురు లేదా ఐదుగురు పంచుకొనే గదిలో ఒక మంచానికి డబ్బు కడతారు, తిండి దానితోనే వస్తుంది. రెండోది ఇంటిలో ఒక పోర్షనో, మేడ మీద పెంట్‌హౌస్ అని పిలిచే ఒంటి గదో, అపార్టుమెంటులో ఫ్లాటో కొందరు కలిసి అద్దెకు తీసుకొని సొంతంగా వండుకొనే ఏర్పాటు. విద్యార్థులు ఈ తేడాను సౌకర్యం దృష్టితోనే చూస్తారు గాని చట్టం దృష్టిలో అది అంతకంటే లోతైనది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 105వ సెక్షను ప్రకారం లీజు అంటే స్థిరాస్తిని అనుభవించే హక్కును ప్రతిఫలం తీసుకొని నిర్ణీత కాలానికి బదిలీ చేయడం. అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం లైసెన్సు అంటే ఆస్తిలో ఎటువంటి హక్కూ బదిలీ కాకుండా, అనుమతి లేకుంటే తప్పయ్యే పనిని చేసుకోనివ్వడం మాత్రమే. అసోసియేటెడ్ హోటల్స్ కేసులో 1959లో సుప్రీంకోర్టు ఈ రెంటినీ వేరు చేస్తూ, కాగితం మీద ఏ పేరు పెట్టారన్నదాని కంటే అసలు ఉద్దేశం ఏమిటి, ఆ చోటు పూర్తిగా అతని స్వాధీనంలో ఉందా అన్నవి చూడాలని చెప్పింది. పోర్షన్ తీసుకొని తన తాళం తాను వేసుకొనే విద్యార్థి సాధారణంగా లీజుదారు అవుతాడు. నలుగురి గదిలో ఒక మంచం మీద ఉండే విద్యార్థి సాధారణంగా లైసెన్సు మీద ఉన్నవాడే.

ఈ భేదం ఫలితం ఖాళీ చేసే రోజున కనిపిస్తుంది. నెలవారీ లీజును ముగించాలంటే, ఒప్పందంలో వేరే మాట లేనప్పుడు, ఏ పక్షమైనా 15 రోజుల నోటీసు ఇవ్వాలని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షను చెబుతుంది. కనుక రేపటికల్లా సామాను తీసేయమని పోర్షన్‌లో ఉన్న విద్యార్థికి చెప్పే హక్కు యజమానికి లేదు, చెప్పకుండా వెళ్లిపోయే హక్కు విద్యార్థికీ లేదు. పీజీలో మంచం తీసుకున్నవారికి ఆ 15 రోజుల రక్షణ లేదు గాని, లైసెన్సు రద్దయినప్పుడు వెళ్లిపోవడానికీ వస్తువులు తీసుకుపోవడానికీ సముచితమైన గడువు ఇవ్వాలని ఈజ్‌మెంట్ల చట్టం 63వ సెక్షను కోరుతుంది. మరోవైపు పీజీ విద్యార్థికి ఇంకొక తలుపు తెరుచుకొని ఉంది: 2019 వినియోగదారుల రక్షణ చట్టం సేవకు ఇచ్చిన నిర్వచనంలో భోజన, వసతి ఏర్పాట్లు పేరుతో సహా ఉన్నాయి కనుక, చెప్పిన సదుపాయాలు ఇవ్వని హాస్టల్ మీదా, కారణం లేకుండా డిపాజిట్ ఆపుకొన్న హాస్టల్ మీదా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలో ఫిర్యాదు ఇవ్వాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ముందుగా సలహా తీసుకోవచ్చు. ఉత్త ఇల్లు అద్దెకు తీసుకున్నవారికి ఈ దారి అంత సులభంగా దొరకదు, సివిల్ కోర్టు మెట్లెక్కవలసి వస్తుంది. చోటు మీద ఎక్కువ హక్కు ఉన్నవారికి తిరిగి డబ్బు రాబట్టుకొనే మార్గం కష్టంగానూ, తక్కువ హక్కు ఉన్నవారికి కొంత సులువుగానూ ఉన్న ఈ పరిస్థితిని విద్యార్థులు దిగే ముందే గ్రహించడం మంచిది.

అద్దెదారును కాపాడే ప్రత్యేక చట్టాల సంగతి చూస్తే నిరాశ కలుగుతుంది. యజమాని, అద్దెదారు సంబంధం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం. హైదరాబాద్‌కు వర్తిస్తూ వచ్చిన 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం 2005 సవరణ తరువాత నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె ఇళ్లను తన పరిధి నుంచి వదిలేసింది. ఈనాడు నగరంలో విద్యార్థులు పంచుకొనే ఇళ్లలో ఆ గీత లోపల ఉండేవి బహు అరుదు. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు డిపాజిట్ రెండు నెలల అద్దెకు మించరాదనీ, ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలనీ, యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలనీ, తగాదా ఉన్నా నీరు, కరెంటు ఆపరాదనీ చెప్పింది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలులోకి వస్తుంది. పైగా హోటళ్లు, లాడ్జింగ్ హౌసులు, సత్రాల వంటివాటిని అది తన నిర్వచనం నుంచి మినహాయించింది కనుక పీజీలకు అది ఏ మేరకు అండగా నిలుస్తుందన్నది సందేహమే. విద్యార్థికి మిగిలే రక్షణ అతను రాయించుకొన్న కాగితమే అవుతుంది.

ఆ కాగితం విషయంలో ఒక సామాజిక చిక్కు ఉంది. యజమాని దంపతులను అంకుల్, ఆంటీ అని పిలిచే పరిచయంలో, అందులోనూ ఊరివాళ్లో బంధువులో చెప్పి ఇప్పించిన గదిలో, రసీదు అడిగితే నమ్మకం లేనట్టు ధ్వనిస్తుందని తల్లిదండ్రులు సంకోచిస్తారు. ఆ సంకోచం సహజమే గాని, మర్యాదకూ రసీదుకూ వైరం లేదు. అడ్వాన్సు యూపీఐ ద్వారా పంపి, అది ఏ గదికి, ఏ పని మీద, తిరిగి ఇచ్చే షరతు ఏమిటి అన్నది రెండు వాక్యాలలో వాట్సాప్‌లో రాసి, అవతలి వారి అంగీకారం తీసుకున్నా అదొక ఆధారమే. 11 నెలల అగ్రిమెంటు అనే ఆచారం 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షను మూలపాఠం నుంచి పుట్టింది. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయాలన్న నిబంధనను తప్పించుకోవడం దాని ఉద్దేశం. రాష్ట్రాలు ఈ సెక్షనునూ స్టాంపు నియమాలనూ తమకు తగ్గట్టు సవరించుకొనే వీలుంది కనుక, 11 నెలలని రాస్తే చాలు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని తీర్మానించుకోక సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి. రిజిస్టరు కావలసి ఉండీ కాని పత్రం అందులోని షరతులకు సాక్ష్యంగా నిలవదు. అయితే ఆ వ్యక్తి ఆ ఇంట్లో ఏ హోదాలో ఉన్నాడన్నటువంటి అనుబంధ విషయాలకు దాన్ని చూడవచ్చునని అదే చట్టం 49వ సెక్షను అనుమతిస్తుంది. సంతకం చేసేవారి వయసు కూడా ముఖ్యమే: 18 ఏళ్లు నిండని ఇంటర్ విద్యార్థి చేసుకొన్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లోనే ప్రీవీ కౌన్సిల్ మోహరీ బీబీ కేసులో తేల్చింది కనుక, అటువంటప్పుడు తల్లిగాని తండ్రిగాని తమ పేరనే రాయించుకోవాలి.

కలిసి ఉండబోయేవారి మధ్య ఒప్పందం గురించి ఎవరూ ఆలోచించరు. ముగ్గురు మిత్రులు కలిసి ఒకే అగ్రిమెంటు మీద సంతకం చేస్తే, భారత ఒప్పందాల చట్టం (1872) 43వ సెక్షను ప్రకారం, వేరే షరతు లేనప్పుడు, మొత్తం అద్దెను ఆ ముగ్గురిలో ఏ ఒక్కరి నుంచైనా యజమాని వసూలు చేసుకోవచ్చు. కట్టినవారు మిగిలినవారి నుంచి వారి వాటా రాబట్టుకోవాలి. మూడో సెమిస్టరులో ఒకరికి క్యాంపస్ హాస్టల్ దొరికి వెళ్లిపోతే, అతని వాటా అద్దె ఎవరు భరిస్తారు, అతను కట్టిన అడ్వాన్సు వెంటనే ఇవ్వాలా, కొత్తవాడు వచ్చి కట్టిన తరువాత ఇవ్వాలా, కొత్తవాణ్ణి తేవలసింది ఎవరు అన్న ప్రశ్నలు స్నేహాన్నే దెబ్బతీస్తాయి. ఒక నోటుబుక్కు పేజీలో ఈ మూడు విషయాలూ రాసి అందరూ సంతకాలు పెట్టుకోవడం అపనమ్మకం కాదు, స్నేహానికి వేసిన కాపు.

ఖర్చు లెక్కలో జరిగే పొరపాటును ఒక ఊహాజనిత ఉదాహరణ తేటపరుస్తుంది. నెలకు 15,000 రూపాయల పోర్షన్ ముగ్గురు తీసుకున్నారనుకుంటే, ఒక్కొక్కరి వాటా 5,000 అని ఇంటికి చెబుతారు. హైదరాబాద్‌లో తరచుగా కనిపించే పద్ధతిలో రెండు నెలల అడ్వాన్సు 30,000, మొదటి నెల అద్దె 15,000, బ్రోకరుకు ఒక నెల అద్దె 15,000 కలిపితే తొలి రోజునే 60,000 కావాలి. పొయ్యి, గిన్నెలు, పరుపు కొనక ముందే ఒక్కొక్కరికి 20,000 అవుతుంది. వసతి దీవెన కింద ఏడాదికి అనుకొన్న సొమ్మంతా ఆ ఒక్క పూటకే సరిపోతుంది. ఏడాది మొత్తానికి చూస్తే 12 నెలల అద్దె 1,80,000, బ్రోకరు ఖర్చు 15,000, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరిట పట్టుకొనే ఒక నెల అద్దె 15,000 కలిసి 2,10,000, తలా 70,000. సెలవులు పోను విద్యార్థి అక్కడ ఉండేది సుమారు 10 నెలలే కనుక, వాడుకొన్న నెలకు 7,000 పడుతుంది. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్, తిండి దీనికి అదనం. అదే లెక్కలో పీజీని పరిశీలిస్తే, సెలవు నెలలకు పూర్తి డబ్బు కట్టాలా సగమా, మెయింటెనెన్స్ పేరిట డిపాజిట్‌లో ఎంత పోతుంది అన్న రెండు సంగతులు తేలాలి. హాస్టల్ ఫీజు మీద జీఎస్టీ అడిగితే, ఒక్కరికి నెలకు 20,000 రూపాయలు మించని వసతిలో వరుసగా 90 రోజులైనా ఉండేవారికి మినహాయింపు ఇవ్వాలని 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించిందని గుర్తుచేయాలి.

పెయింటింగ్ కోతకు చట్టంలో సహజమైన ఆధారం లేదు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ఇంటిని తీసుకొన్న స్థితిలో అప్పగించమంటుంది గాని, సాధారణ వాడకం వల్ల వచ్చే అరుగుదలను మినహాయిస్తుంది. ఒక ఏడాది కాపురానికి గోడ రంగు వెలిస్తే అది అరుగుదలే. అయితే అగ్రిమెంటులో ఆ కోత రాసి ఉంటే వాదన బలహీనమవుతుంది కనుక సంతకానికి ముందే ఆ వాక్యం కొట్టివేయించడమో, మొత్తాన్ని తగ్గించడమో చేయాలి. దిగిన రోజునే గోడలు, తలుపులు, బాత్రూము కుళాయిలు, స్విచ్ బోర్డులు, కరెంటు మీటరు అంకె ఫోటోలు తీసి యజమానికి పంపితే, పగిలిన వాష్ బేసిన్ ఎవరి కాలం నాటిదన్న వాదం తలెత్తదు.

కరెంటు లెక్క ప్రత్యేకంగా అడిగి తెలుసుకోవలసినది. గృహావసరాల టారిఫ్ శ్లాబుల పద్ధతిలో ఉంటుంది, అంటే వాడకం పెరిగిన కొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది; ఇల్లంతటికీ ఒకే మీటరు ఉండి పోర్షన్లకు సబ్ మీటర్లు పెట్టినచోట, అందరి వాడకం కలిసి పై శ్లాబుకు చేరుతుంది, లేదా యజమాని తానే యూనిట్‌కు ఒక ధర నిర్ణయిస్తాడు. 2,000 వాట్ల గీజరును నలుగురు రోజుకు 20 నిమిషాల చొప్పున వాడితే దానికే నెలకు 80 యూనిట్లు అవుతాయి.

నీటి విషయంలో కాలం విద్యార్థులను మోసం చేస్తుంది. గదులు చూసుకొనేది జూన్, ఆగస్టు నెలల మధ్య. అప్పుడు వానలు పడి బోర్లు నిండి, కుళాయి తిప్పగానే నీళ్లు వస్తాయి. ఆ ఇంటికి అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో, సరిగ్గా సెమిస్టరు పరీక్షల వేళ వస్తుంది. బోరు ఎండి, ట్యాంకరుకు తలా ఇంత వేసుకోవాలన్న మాట అప్పుడే వినబడుతుంది. కనుక నీళ్లు వస్తున్నాయా అని కాక, పోయిన ఎండాకాలం ట్యాంకరు తెప్పించారా, దాని ఖర్చు ఎవరు కట్టారు, తాగునీటి లైను రోజూ వస్తుందా రోజు విడిచి రోజా అని అడగాలి. యజమానిని కాక, ఇప్పటికే అక్కడ ఉంటున్నవారిని అడిగితే నిజం తెలుస్తుంది. మేడ మీది ఒంటి గదులు అద్దె తక్కువని ఆశపెడతాయి గాని, పగలంతా కాగిన స్లాబు కింద, రేకుల కప్పయితే ఇంకా ఘోరంగా, రాత్రి పదింటికి కూడా పుస్తకం పట్టుకోలేని ఉక్క ఉంటుంది. అటువంటి గదిని ఉదయం కాక మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడడం తెలివైన పని.

భద్రత అన్నప్పుడు దొంగతనాల గురించి ఆలోచించినంతగా పొగ గురించి ఎవరూ ఆలోచించరు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మొదలైన మంటల పొగ పైనున్న లాడ్జిలోకి పాకి 8 మంది ప్రాణాలు తీసింది. 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ కాంప్లెక్సు అగ్నిప్రమాదంలో చనిపోయిన ఆరుగురూ బతుకుతెరువుకు నగరానికి వచ్చిన యువతీయువకులే. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేందర్ నగర్‌లో కోచింగ్ కేంద్రం సెల్లారులోని లైబ్రరీలోకి వరద నీరు దూసుకువచ్చి ముగ్గురు సివిల్స్ అభ్యర్థులు మునిగిపోయారు. ఈ మరణాలు కడుపు తరుక్కుపోయేలా చేస్తాయి. లాడ్జి, ఆఫీసు, లైబ్రరీ అన్న తేడా అలా ఉంచితే, బయటికి దారి తక్కువైన భవనంలో ఎక్కువమందిని చేర్చడం, కింది అంతస్తును దానికి ఉద్దేశించని పనికి వాడడం అన్న రెండు తప్పులను నగరంలోని చాలా ప్రైవేటు హాస్టళ్లలోనూ కంటితో చూడవచ్చు. గది చూడడానికి వెళ్లినవారు మెట్లు ఒకటేనా రెండా, మేడ మీది తలుపుకు రాత్రి తాళం వేస్తారా, కిటికీకి విడదీయలేని ఇనుప చట్రం బిగించారా, మెట్ల కింద గ్యాస్ సిలిండర్లు పేర్చారా, సెల్లారులో స్కూటర్లకు చార్జింగ్ పెడుతున్నారా అని చూడాలి. ఈ పరిశీలనకు పది నిమిషాలు పట్టదు. ఇందులో రెండు మూడు జవాబులు చెడుగా వస్తే అద్దె ఎంత తక్కువైనా ఆ గదిని వదులుకోవాలి.

విద్యార్థినుల విషయంలో భద్రత పేరిట పెట్టే ఆంక్షలనూ అసలు భద్రతనూ వేరు చేసి చూడవలసి ఉంది. రాత్రి ఎనిమిదింటికి గేటు మూసే హాస్టల్ సురక్షితమని తల్లిదండ్రులు భావిస్తారు. ల్యాబులో ఆలస్యమైన అమ్మాయి ఎనిమిదిన్నరకు ఆ గేటు బయట నిలబడవలసి వస్తే ఆ నియమమే ప్రమాదం తెస్తుంది. గేటు వేళ కంటే, ఆలస్యమైనప్పుడు ఏం చేస్తారు, వార్డెన్ రాత్రి అక్కడే ఉంటుందా, బస్ స్టాపు నుంచి గేటు దాకా వీధి దీపాలు వెలుగుతాయా, గది మారు తాళం ఎవరి దగ్గర ఉంది, కెమెరాలు వరండాలకే పరిమితమా అన్న సంగతులే భద్రతను నిర్ణయిస్తాయి. ఏకాంతంలో ఉన్న స్త్రీని చాటుగా చిత్రించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కింద నేరం. తెలంగాణలో 2014 అక్టోబరు నుంచి పనిచేస్తున్న పోలీసు షీ టీమ్స్‌కు పేరు గోప్యంగా ఉంచి ఫిర్యాదు ఇవ్వవచ్చు.

టు-లెట్ బోర్డు చూసి వెళ్లినవారికి ముందు ఎదురయ్యే ప్రశ్న తరచు "మీరేమిట్లు?" అన్నదే. బ్యాచిలర్లకు ఇవ్వమనడం, మాంసం వండరాదనడం, పేరు విని మతం ఊహించి ఇల్లు ఇప్పుడే ఇచ్చేశామనడం దళిత, ముస్లిం విద్యార్థులకు మరీ ఎక్కువ ఎదురయ్యే అవమానాలు. ప్రైవేటు అద్దెలో వివక్షను సూటిగా నిషేధించే సమగ్ర చట్టం దేశంలో ఇంతవరకూ రాలేదు. ఈ వాస్తవం వల్ల ఆ విద్యార్థులు ఎక్కువ అద్దెకో, ఎక్కువ దూరానికో సిద్ధపడవలసి రావడం చదువుల అవకాశాల సమానత్వం గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ సిగ్గుపడవలసిన విషయం.

దూరాన్ని కిలోమీటర్లలో కాక హాజరులో లెక్కించాలి. జేఎన్‌టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం సెమిస్టరు పరీక్షలకు 75 శాతం హాజరు కావాలి. కాలేజీ బస్సు ఉదయం ఏడు లోపే ఎక్కవలసిన చోట ఉంటే, అది తప్పిన రోజున రెండు సిటీ బస్సులు మారి వెళ్లేసరికి మొదటి పీరియడ్లు పోతాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకం మహిళలకు ఆర్టీసీ ప్రయాణాన్ని ఉచితం చేసినందువల్ల, విద్యార్థినులు కొంత దూరమైనా మెరుగైన గదిని ఎంచుకొనే వీలు కలిగింది. డబ్బు మిగిలినా సమయం మిగలదన్నది మాత్రం అక్కడా వర్తిస్తుంది.

ఊరి నుంచే ఆన్‌లైన్‌లో గది ఖాయం చేసుకొనేవారి మీద ఒక రకం మోసం ప్రబలింది. సైన్యంలో ఉద్యోగినని, బదిలీ అయిందని చెప్పి, గుర్తింపు కార్డు ఫోటో కూడా పంపి, టోకెన్ అడ్వాన్సు కోసం క్యూఆర్ కోడ్ పంపుతారు. చూడని గదికి రూపాయి కూడా పంపకపోవడమే దీనికి విరుగుడు; పంపిన తరువాత తెలిస్తే ఆలస్యం చేయక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. యజమానికి ఆధార్ ఇవ్వవలసి వస్తే మొదటి అంకెలు కప్పిన మాస్క్‌డ్ ప్రతిని ఇవ్వడం మేలు.

పై చదువులకు అమెరికా వెళ్లే తెలుగు విద్యార్థులు అక్కడ వేరే లోకాన్ని చూస్తారు. అక్కడి లీజు సాధారణంగా 12 నెలలు. మధ్యలో ఖాళీ చేసినా బాధ్యత వదలదు, కలిసి సంతకం చేసినవారందరూ మొత్తానికి బాధ్యులవుతారు. కాని ఖాళీ చేసిన తరువాత డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో అక్కడి రాష్ట్రాల చట్టాలు చెబుతాయి: న్యూయార్క్‌లో 14 రోజులు, కాలిఫోర్నియాలో 21 రోజులు, కొత్త చిరునామా రాసి ఇచ్చినవారికి టెక్సాస్‌లో 30 రోజులు, కోత పెడితే ఏ పనికి ఎంత అన్నది పద్దుల వారీగా చూపాలి. డాలస్‌లో అద్దెకున్న నల్గొండ కుర్రాడికి ఉన్న ఈ గడువు దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకున్న అతని తమ్ముడికి లేదు. ఆ గడువును ఒప్పందంలో తామే రాయించుకోవడం ఇప్పటికి విద్యార్థుల చేతిలో ఉన్న పని: తాళాలు అప్పగించిన రోజు నుంచి 15 రోజుల్లో, కోతలకు బిల్లులు చూపి, మిగతా అడ్వాన్సు ఇవ్వాలన్న ఒక్క వాక్యం చాలు.

కళాశాలలకు ఈ విషయంలో బాధ్యత లేదనడానికి వీల్లేదు. ర్యాగింగ్‌ను అరికట్టేందుకు యూజీసీ 2009లో తెచ్చిన నిబంధనలు ప్రాంగణం బయట వ్యాపార పద్ధతిలో నడిచే హాస్టళ్లు, లాడ్జీలు స్థానిక పోలీసుల వద్ద నమోదు కావాలనీ, ఆ నమోదు విద్యాసంస్థ అధిపతి సిఫారసుతో జరగాలనీ, అక్కడ జరిగే ర్యాగింగ్‌కు ప్రాంగణం లోపల జరిగినదానితో సమానంగానే బాధ్యత వహించాలనీ చెప్పాయి. ఈ నిబంధనను ర్యాగింగ్‌కే పరిమితం చేయక, సిఫారసు చేసే ముందు మెట్లు, కిటికీలు, వంటగది, బాత్రూముల సంఖ్య చూసి రావడానికి ఒక అధ్యాపకుణ్ణీ ఇద్దరు సీనియర్ విద్యార్థులనూ పంపితే, అడ్మిషన్ల వారంలో ఊరి నుంచి వచ్చిన తండ్రి చేతిలో బ్రోకరు నంబరుకు బదులు కళాశాల స్వయంగా చూసి వచ్చిన ఇళ్ల జాబితా ఉంటుంది. దానికి కొత్త చట్టం గాని, ప్రత్యేక నిధులు గాని అవసరం లేదు. ప్రతి ఏడాదీ ఖాళీ చేసి వెళ్లే చివరి సంవత్సరం విద్యార్థుల నుంచి ఏ ఇంట్లో అడ్వాన్సు తిరిగి వచ్చిందో, ఏ ఇంట్లో రాలేదో రాయించుకొని ఆ జాబితాకు చేరిస్తే సరిపోతుంది.